రిమార్కుల గడి

ప్రకటన నేనే రాశాను.
"కళాశాల సిబ్బందికి వర్క్‌షాపులు నడపగల
శిక్షకులు కావలెను."
ఆ కావలెను దగ్గర ప్రిన్సిపాల్ గారు పెన్ను ఆపి
పెళ్లి ప్రకటనలా ఉందయ్యా అన్నారు.
అన్నారు గానీ కొట్టెయ్యలేదు.

పదకొండు దరఖాస్తులొచ్చాయి, మనుషులు ఏడుగురు.
మద్దిలపాలెం జంక్షన్లో బస్సులు నిలిచిపోయిన ఉదయం,
చొక్కాల వీపుల మీద చెమట దేశపటాలు.
డెమో వినడానికి మనుషులు కావాలి కదా,
ఫీజు కౌంటర్ నుంచి రమాకుమారిని,
లైబ్రరీ నుంచి ఖాదర్ వలీని,
హాస్టల్ వంటమనిషిని, ఇద్దరు డ్రైవర్లని
సెమినార్ హాల్లో కూర్చోబెట్టాను.
స్వీపర్ దాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.
కూర్చోమని ఎవరూ అనలేదు.
నేనూ అనలేదు.

నా చేతిలో మార్కుల కాగితం.
భాషకి పది, విషయానికి పది, హుందాతనానికి పది.
చివర్న రిమార్కులకి
అగ్గిపెట్టంత గడి.

మొదటాయన టై కట్టుకొచ్చాడు.
మనమంతా ఒకే పడవలో ఉన్నామన్నాడు.
హార్బరున్న ఊళ్లో ఆ మాట చూసి వాడాలి.
ఇంజను ఎవడి దగ్గరుంది సార్,
డ్రైవర్ సూరప్పడు వెనకనుంచి అడిగాడు.
రెండో ఆవిడ స్లయిడ్లు బాగున్నాయి.
తెర మీద నవ్వుతున్న ఉద్యోగులెవరికీ
మన ఎండ తగిలినట్టు లేదు.
మూడో అబ్బాయి మార్కర్ రాయలేదు,
దాంతో అతనికీ మాట రాలేదు.

ఐదో పేరు పిలిచేసరికి ఒకటే ఉక్క.
హుద్‌హుద్‌లో బిగుసుకుపోయిన కిటికీ
మళ్లీ తెరుచుకోలేదు.
దాని ఎస్టిమేటు ఫైలు ఇప్పటికీ నా బీరువాలోనే.

గాడు చిలకమ్మ.
తగరపువలస అవతల్నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.
చిట్టివలస జూట్ మిల్లులో
కొత్తగా చేరినవాళ్లకి పదహారేళ్లు పని నేర్పింది,
మిల్లుకి తాళం పడేదాకా.
సర్టిఫికెట్లేవమ్మా అన్నారు వైస్ ప్రిన్సిపాల్.
"నేర్సుకున్నోళ్లు ఉన్నారు బాబూ, పిలమంటారా?"

బోర్డు వైపు చూడనే లేదు.
కిటికీ ముందుకెళ్లి నిలబడింది.
"ఇది తియ్యడం ఎవులికొచ్చు?"

ఫ్యాను చప్పుడు.
కాసేపటికి గుమ్మం దగ్గర్నుంచి,
తప్పు ఒప్పుకుంటున్నట్టు, దాలమ్మ:
"ఎత్తి తొయ్యాలి. కింద గొళ్లెం కాడ."
"నాకు రాదమ్మా. నువ్వు సెప్పు, నాను సేస్తాను."

దాలమ్మ చెప్పింది. ఆమె తప్పు చేసింది,
కావాలనో, చేతకాకో, నాకు తెలీదు.
అలాక్కాదు, అలాక్కాదంటూ దాలమ్మ లోపలికొచ్చింది,
ఆ హాల్లో చీపురు లేకుండా నడవడం
నేనెప్పుడూ చూడలేదు.
వంటమనిషి ఒక కొస ఎత్తాడు.
నూనె ఉంటేనా, అంది రమాకుమారి.
ఖాదర్ వలీ తలకి రాసుకునే సీసా తెచ్చాడు.
మార్కర్ రాయని అబ్బాయి కూడా భుజం ఆనించాడు.

గాలొచ్చింది.
ఉప్పు, డీజిలు, పక్కింటి ఆవపోపు.
పది నిమిషాలు అయిపోయాయన్నాను,
గడియారం చూసే పని నాది గనక.
"మా కాడ పాఠం ఇంతే బాబూ."

భాషకి ఆరు వేశారు. హుందాతనానికి ఐదు.
పీజీ గడిలో అడ్డగీత.
టై ఆయన్నే తీసుకున్నాం. చెడ్డవాడేం కాదు,
శనివారం శనివారం వస్తాడు,
పడవ మాట మానేశాడు.

"తమ అర్హతలను పరిశీలించిన మీదట"
అని మొదలయ్యే ఉత్తరం కూడా నేనే టైపు చేశాను.
ఆ అక్షరాల్లో ఒక్కటీ తప్పు పోలేదు,
నా సర్వీసంతా అంతే.
కవరు అంటించాక మార్కుల కాగితం తీసి
అగ్గిపెట్టంత గడిలో
కిటికీ తెరుచుకుంది, అని రాశాను.

మార్చిలో ఆడిటొచ్చింది.
ఇదేమిటండీ అన్నారు.
నేను జవాబు వెతుక్కునేలోగా
వాళ్లే సివిల్ పని అనుకుని
బీరువాలో ఎస్టిమేటు ఫైలు తీయించి
పని పూర్తయినది, ఖర్చు లేదు
అని ముద్ర వేసి మూసేశారు.