లగేజీ టికెట్

మొదటి క్లాసుల బోర్డు మీద ఏం రాయలే.
"పెన్నులు లోపల పెట్టుండ్రి" అన్న.
ముప్పై ఒక్క మంది నా దిక్కు చూసిండ్రు,
పార్ట్‌టైం సారుకు సిలబస్ దొరకలేదేమో అని.

దొరికింది.
మూడో యూనిట్: సామాజిక ఆవిష్కరణ.
నాలుగు నిర్వచనాలు, ఒక పటం,
పది మార్కుల ప్రశ్న.
పోయినేడు అదే చెప్పిన. అందరు పాసైండ్రు.
పాసైనోళ్లల్ల ఒకడు ఇప్పుడు పాలమూరు బస్టాండుల
సెల్‌ఫోన్లకు గ్లాసులేస్తడు,
నన్ను చూస్తే పైసలు తీసుకోడు.
నాకు ఆ నిర్వచనాలే గుర్తుకొస్తయి.

అందుకే ఈయేడు
ఇంకా చీకటుండంగనే
గుట్టకింది తండా మలుపుకాడికి తోల్కపోయిన.

సీతాఫలాల కాలం.
నిన్న తెంపిన కాయలు గంపలల్ల,
మీద మోదుగాకు, ఆకు మీద మంచు.
నేను పెట్టిన నియమం ఒక్కటే:
వారం దాకా సలహా చెప్పొద్దు.
గంప ఎత్తాలె. దించాలె. అడగాలె.
అడిగినంక నోరు మూసుకోవాలె.

మూడోనాడే కురుమూర్తి ఆగలేకపోయిండు.
"అక్కా, యాప్ చేస్తం.
పట్నపోళ్లు నీకాడ్నే కొంటరు."
సాల్కి ఒక కాయ తీసి వాని చేతుల పెట్టింది.
"ఇది ఎప్పుడు పండుతది?"
వాడు తిప్పి చూసిండు,
ఫోన్ల కూడ చూసిండు.
"కండ్లు చూడాలె బిడ్డా.
కండ్లు విచ్చినంకనే తెంపాలె.
ముందుగాల తెంపితే
నల్లగైతది గాని పండది."

పక్కనే ఉన్న నేను.
రెండు దినాల దాకా
ఆమె కాయ సంగతే చెప్పిందనుకున్న.

ధర మీద ఆరు పేజీలు రాసిండ్రు పిల్లలు,
దళారి మీద తొమ్మిది.
క్లాసుల పల్లెత్తు మాటాడని తహసీన్
నాలుగు పొద్దులు సాల్కి పక్కన రోడ్డు మీద కూసొని
ఒక్క ముక్క రాసుకొచ్చింది:
"ఐదింటి బస్సు గంపల్ని చూస్తే ఆగది సార్."

ఆగినా, మనిషికి ఫ్రీ,
గంపకు కాదు.
తొమ్మిదింటి బస్సు వచ్చేదాంక
ఎండల కూసున్న కాయలు
తమంతట తామే పగులుతయి.

క్లాసుల బెంచీలు జరిపి బస్సు చేసినం.
కురుమూర్తి కండక్టర్.
భార్గవి, తలకాయ మీద చెత్తబుట్టతోని, సాల్కి.
"ఎక్కొద్దు" అని గట్టిగనే అరిచిండు వాడు.
అరిచి, నడుమల ఆగి,
"సార్, సీటుకు రసమంటితే
చెకింగోళ్లకు నేనేం చెప్పాలె?" అన్నడు.
ఎవరం మాట్లాడలే.
ఆ పూట దాంక కండక్టరంటే మాకు
తలుపుకాడి విజిలే.

మర్నాడు అసలాయన్నే పిలిచినం,
ఎల్లస్వామి, రెండు చాయలు తాగిండు.
"వెనక సీటు ఒకటి తీసేస్తే నేనెందుకాపను?"
అని మమ్మల్నే అడిగిండు.

డిపోకు పెట్టే అర్జీ ఏడుసార్లు మారింది.
ప్రతిసారి సాల్కికి చదివి వినిపించాలె, అదీ నియమమే.
"సాధికారత అంటే ఏంది?"
భార్గవి చెప్పబోయింది, చెప్పలేకపోయింది.
"నీకే తెల్వకపోతే తీసెయ్."
తీసేసింది.
రెండు పేజీల అర్జీ
పదకొండు వరుసలకు దిగింది.

సీటు తీసిండ్రు.
అప్పటికి కాలం ఇంక పన్నెండు దినాలే ఉండె.
పన్నెండు దినాలు గంపలు బస్సెక్కినయి.
రెండునాళ్లు బస్సే రాలేదు, అది వేరే ముచ్చట.

మార్కులు సాల్కినే వెయ్యమన్న.
కురుమూర్తికి పదికి ఎనిమిది.
"ఎక్కిస్తుంటే రెండు కాయలు చితికిచ్చిండు."

బయట్నుంచి వచ్చిన ఎగ్జామినర్
ఫైలు రెండుసార్లు తిప్పిండు.
"ఒక్క సీటు పీకించిండ్రు.
ఇందుల ఆవిష్కరణ ఎక్కడుందయ్యా?"
నాకు జవాబు రాలే.
ఇప్పటికీ పూర్తిగ రాలే.

వచ్చేయేడు నా కాంట్రాక్టు
ఉంటదో లేదో తెల్వదు.
టేబుల్ మీద సాల్కి పంపిన కాయ ఒకటుంది.
హాజరు కోసం వచ్చిన కురుమూర్తి
సంతకం పెట్టకముందే దాన్ని చేతులకు తీసుకున్నడు,
కిటికీ దిక్కు తిప్పి,
కండ్ల నడుమ గీతల మీద బొటనవేలు రాసి,

"ఎల్లుండి సార్" అన్నడు.