పేము కుర్చీ

బల్లార్షా జంక్షన్ దాటాక
బొగ్గు వ్యాగన్లు మెల్లగా తిరిగే మలుపులో
రెండు గదుల పెంకుటిల్లు.
బోర్డుకి సున్నం కొట్టారు ఎప్పుడో.
వాన పడితే సున్నం కిందనుంచి అక్షరాలు లేస్తాయి,
ముందు 'స', తర్వాత 'హా',
బాగా కురిసిన ఏడు 'బిషప్' దాకా కనిపిస్తుంది.
ఎండొస్తే మళ్ళీ పోతుంది.

మా నాన్న ఓబద్యా ఇక్కడ బంట్రోతు.
ఆయన పోయాక తాళంచెవి నాకొచ్చింది.
జీతం రాలేదు.

సహాయ బిషప్పంటే ఎవరు నాన్నా, అంటే
పెద్దాయన రాలేని చోటికి వచ్చేవాడు, అన్నాడు
బూట్లకి పాలిష్ పెడుతూ.
ఎవరి బూట్లో నాకు గుర్తులేదు.

పెద్దాయనది నాగపూర్లో చెక్కిన టేకు సింహాసనం.
ఈయనకి సింహాసనం ఉండకూడదట, నియమం.
అందుకని పేము కుర్చీ.
కుడివైపు అల్లిక అప్పటికే ఊడింది.

మొదట మెకల్లమ్ దొర.
ఆయన నోట్లో తెలుగు పొలమారేది,
'ఆశీర్వాదం' అనబోయి 'ఆశ్చర్యం' అనేవాడు.
మనవాళ్ళు దానికీ ఆమెన్ అన్నారు.
ప్రాణహిత పొంగినప్పుడు పడవలో
బిషప్ టోపీని బిస్కెట్ డబ్బాలో పెట్టి
డబ్బాని ఒళ్ళో పెట్టుకుని
అంకీస దాకా వెళ్ళేవాడు,
పదకొండు మంది పిల్లల నెత్తిన చెయ్యి పెట్టడానికి.
దొర గదిలో ఇంకో కుర్చీ లేదు.
వచ్చినవాళ్ళు వరండాలో నిలబడేవారు.
ఇదీ చెప్పాలి.

తర్వాత జెకర్యా అయ్యగారు,
గనిలో హాజరు రాసే గుమాస్తా కొడుకు.
వచ్చిన రోజే బజారునుంచి బెంచీ తెప్పించాడు,
నాలుగున్నర రూపాయలు, రశీదు ఇంకా ఉంది.
పాస్టర్ల బదిలీలు, బడుల లెక్కలు, పెళ్ళి తగాదాలు
అన్నీ ఈ బల్ల మీదే తేలేవి,
కానీ ఏ కాయితం కిందా ఆయన పేరు ఒంటరిగా లేదు.
పేరు పైన ఊదారంగు ముద్ర: 'పెద్దాయన తరఫున'.
పదమూడేళ్ళు.
ఒకసారి వట్టి కాయితం మీద ఉత్త సంతకం చేసి
చాలాసేపు చూసుకుని
చించేశాడట.
నాన్న ఈ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

డెబ్భైలో సంఘాలన్నీ కలిసిపోయాయి.
నాగపూర్నుంచి ఉత్తరం: పదవి రద్దు, ముద్ర వాపసు పంపండి.
నాన్న ఇంకు ప్యాడు పంపాడు.
ముద్ర సంగతి మళ్ళీ ఎవరూ అడగలేదు.

గది హాస్టలైంది. కరువులో జొన్న బస్తాల గోదామైంది.
కొన్నాళ్ళు మేకలు కూడా.
ఇప్పుడు మంగళవారం, శుక్రవారం నేను తెరుస్తాను.
సాస్తి గనిలో చేసి దిగిపోయినవాళ్ళు వస్తారు,
సిరొంచ వైపునుంచి వాళ్ళ పెళ్ళాలు వస్తారు,
పింఛను ఫారాలు మరాఠీలో ఉంటాయి.
వాళ్ళు తెలుగులో చెబుతారు, దగ్గుతారు, మళ్ళీ చెబుతారు.
నేను నింపి, వేలిముద్ర వేయించి
పక్కన చిన్నగా రాస్తాను: 'తరఫున'.
ఆ ముద్ర అరిగిపోయింది. చేత్తోనే రాస్తున్నా.

మొన్న నర్సుబాయి వచ్చింది,
మొగుడి పేరులో ఒక అక్షరం తప్పుపడి
ఆరేళ్ళుగా ఆగిన డబ్బు కోసం.
పని అయ్యాక లేవలేదు.
"మా అవ్వ చెప్పేది,
ఈ ఇంట్ల నెత్తి మీద చెయ్యి పెడ్తరని.
పెట్టరాదు బిడ్డా."
నేనెవర్ని?
వేళ్ళకి సిరా. నాకు ఏ పదవీ లేదు,
రద్దు చెయ్యడానికి కూడా.

పెట్టలేదు.
పెడితే ఏం పోయేదో ఇప్పటికీ తెలీదు.
లేచి, పేము కుర్చీ ఆవిడ వైపు జరిపాను.
బయట గూడ్సు బండి పోతోంది, గాజు పలకలు వణుకుతున్నాయి.
బెంచీ మీంచి లేచి ఆవిడ అందులో కూచుంది
కొంచెం ఎడమకి ఒరిగి,
అల్లిక ఊడిందని నేను చెప్పకముందే.