పైలం

ఇనుము పగులుతదంటే ఎవ్వలూ నమ్మరు.
నేనూ నమ్మలే,
పోయిన ఎండకాలం జంగుబాయి ఫోన్ చేసేదాక.

"మెడ ఇరిగింది అన్నా" అన్నది.
గంతే. తిట్టలే.
ఉట్నూరు అవతల ఏ గుట్టెక్కి మాట్లాడుతుందో,
మాట వస్తూ పోతూ ఉన్నది,
నడుమనడుమ ఊకున్నది మాత్రం సాఫుగ వినొచ్చింది.
బడి పిల్లల నూటిరవై జతలు ఒప్పుకున్నదట,
జూన్ పన్నెండుకల్లా ఇయ్యాలె.

పన్నెండు కిలోల కుట్టుమిషన్ తలకాయ.
మండిబజార్ల నలభై ఏండ్లు షేర్వానీలు కుట్టింది.
దాన్ని ఒక్క అట్టపెట్టెల పెట్టి,
నాలుగు పాత పేపర్లు కుక్కి,
మిగిలిన జాగంత నా ధీమా నింపి పంపిన.
మంచిర్యాల బస్టాండ్ల బస్సు మార్చేటప్పుడు
ఎవరి చేతులకెల్లో జారింది.

"తప్పు చేతిది కాదు,
పట్టుకోను ఏమియ్యనోనిది"
అన్నడు యాకూబ్ అలీ.
వరంగల్ స్టేషన్ల పార్సిలాఫీసు ముంగట
గోనెసంచులు కుట్టుకుంట ముసలోడైన మనిషి.
ఫోన్ల ఫోటోను కండ్లకు దూరం జరిపి చూసి
"పోత ఇనుము బేటా,
గాజుకు పెద్దన్న.
బరువు ఎక్కువ, ఓపిక తక్కువ."

ఈసారి ఇద్దరం కూసున్నం.
చక్రం ఊడదీసినం. దారపుకొయ్య, సూది, పాదం,
బయటికి పొడుచుకొచ్చినవన్నీ తీసి
దేనికది పాత లుంగీ ముక్కల్ల చుట్టినం.
మెడకు నూనె రాసినం.
కింది చెక్కకు నాలుగు బోల్టులు బిగించినం.

తడిసి రంగు మారిందని ఎనుమాములల
ఏ సేటూ ముట్టని పత్తి
గోనెడు తెచ్చి, డాబా మీద మూడెండలు ఎండబోసిన.
ఎవరి చేనుదో.
ధర విన్ననాడు ఆ ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిన్రో లేదో.
పిడికిలితో అదిమి అదిమి నింపుతుంటే
గింజలు వేళ్ళకు గుచ్చుకున్నయి.

"నాలుగు దిక్కుల నాలుగేళ్ళ మందం" అన్నడు.
ఆయన ఎడమచేతికి ఉన్నవే మూడు,
అందుకే నా చేతితోని కొలిచినం.

"ఊపు."
ఊపిన. లోపట టక్కుమన్నది.
"మాట్లాడుతుంది. విప్పు."
మళ్ళ విప్పినం, మళ్ళ కుక్కినం.
మూడోసారికి నోరు మూసింది.

పైన కుట్టను మిరపకాయల సంచే దొరికింది.
దబ్బనం గుచ్చినప్పుడల్లా కండ్లల్ల నీళ్ళు.
రెండు పక్కల తాడుతోని చేతికడియాలు అల్లిండు.
"ఎత్తెటోని నడుము గుడ యాదుంచుకో."

"ఇనుము అని రాస్తే ఇసిరేస్తరు,
అద్దాలని రాయి."
"అబద్ధం గదా తాతా?"
ఆయన సుతిలి కొరికి ఉమ్మేసిండు.
రాసిన: అద్దాలు.
దాని కింద, నీలం రంగుతోని, జానెడు అక్షరాలల్ల:
పైలం.

హన్మకొండ బస్టాండ్, కార్గో కిటికీ.
కాంటా మీద ముల్లు చూసి పిలగాడు
"గింత బరువా అద్దాలు?" అన్నడు.
"నిలువుటద్దం తమ్మీ, మందం ఎక్కువ."
వాడు నన్ను కాదు, ఆ రాతను నమ్మిండు.
కడియాలు పట్టి, మోకాళ్ళు వంచి,
మెడల తువ్వాల తీసి మడిచి
దాని కింద పరిచి మరీ దించిండు.
రసీదు తీసుకున్నప్పుడు వాని మొకం చూడలేకపోయిన.

మూడోనాడు పొద్దుగాల ఫోను.
మాట లేదు, ముందుగాల తుమ్ము.
ఇంకోటి. ఇంకోటి.
"ఏం సంచిల కుట్టినవే అన్నా,
వాకిలంత తుమ్ముతున్నది."
వెనుక పిల్లలు నవ్వుడు, తుమ్ముడు,
ఒక కోడి గుడ బెదిరినట్టుంది.
"మెడ? జంగుబాయీ, మెడ ఎట్లున్నది?"
సిగ్నల్ పోయింది.

యాకూబ్ అలీ దగ్గరికి ఉరికిన.
ఎవరిదో గ్రైండర్‌కు సంచి కుడుతున్నడు,
తల ఎత్తలే.
"ఇరిగి ఉంటే
ముందుగాల మెడే చెప్పేది,
తుమ్ములు కాదు.
గా పత్తి ఇటు అందుకో."