మూడో నంబరు

చండూరు బస్టాండు దాటినంక
పంచర్ దుకాణం పక్క రేకుల షెడ్డు మాది.
మాదంటే, పెంటయ్యది. నేను ఉత్త చేతులను.

పెంటయ్య మెడ తిరగదు.
ఎవరన్న పిలిస్తే
మనిషి మొత్తం తిరుగుతడు, దర్వాజ తిరిగినట్టు.
ముప్పై ఏండ్లు బోరు నీళ్లు తాగిన ఎముకలు.
కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చేసరికి
వంగుడు మర్చిపోయినయి.
బానెట్ మీదికి వంగలేని మెకానిక్కు
స్టూలు మీద కూసొని
ఇంజన్లకు చెవి అప్పజెప్పిండు.

ఆ దినం
బత్తాయిల కమీషన్ చేసే రాపోలు సుదర్శనం
ఎనభై ఆరు మోడల్ అంబాసిడర్ తోలుకొచ్చిండు.
'నల్లగొండల కార్బొరేటర్ ఇప్పిపిచ్చిన.
పదిహేను వందలు పాయె.
ఎక్కుడు కాడ ఇంకా గుంజుతనే లేదు.'

పెంటయ్య కండ్లు మూసిండు.
మోకాలి మీద వేళ్లు ఆడినయి,
ఒకప్పుడు డప్పు కొట్టిన వేళ్లు.
'ఒకటి, మూడు, నాలుగు, రెండు.
గిది దీని దరువు.
ఒక దెబ్బ మింగుతుంది.
ఏ దెబ్బో నా చెవికి అందుతలేదు. పీకి చూడు.'

ఎండు గుడ్డ చేతికి చుట్టి
ఒకటో వైరు పీకిన. ఇంజను కుంటింది. పెట్టిన.
రెండు. బండి ఒళ్లంత ఊగింది. పెట్టిన.
నాలుగు. అదే ఊగుడు.
మూడు పీకిన.

ఏం గాలె.
ఎట్ల ఉన్నదో అట్లనే.

'పోయినా తేడా తెల్వనోడే రోగి' అన్నడు పెంటయ్య.
జరసేపాగి,
'మనుషుల లెక్క వేరే. ఇంజన్ల మట్టుకు గంతే.'

మూడో ప్లగ్గు తడిసి నల్లగ ఉన్నది, పెట్రోలు వాసన.
దాని మీద నింద వేసి కొత్తది బిగించిన,
గేజు పోయిన కాడికెల్లి
ఆక్సా బ్లేడు ముక్కతోటే మేము సందు కొలుస్తం.
స్టార్ట్ చేస్తే అదే కుంటు.
పాతదాన్ని తుడిచి ఒకటో దాంట్ల పెడితే
అక్కడ బుద్ధిగ మండింది.
నా నింద నాకే తిరిగొచ్చింది.

మూడో రంధ్రం మీద బొటనవేలు ఒత్తి
సెల్ఫ్ కొట్టమన్న.
గాలి నా వేలును ఎగేసింది.
ఊపిరున్నది. మరేంది?

'పొద్దు గూకనియ్యి' అన్నడు పెంటయ్య.
సుదర్శనం గడియారం చూసిండు.
డిక్కీల బత్తాయిలు మగ్గుతున్న వాసన.
రెండుసార్లు చాయ తెప్పిచ్చినం,
మూడోసారి ఆయనే తెప్పిచ్చుకున్నడు.

రోడ్డు మీద లైట్లు పడ్డంక
మా షెడ్డు లైటు బంద్ చేయించి
'ఇప్పుడు నడిపియ్యి' అన్నడు.

బానెట్ లోపట చీకటి.
ఆ చీకట్ల, మూడో వైరు నడుమ,
సన్నటి నీలి పురుగు ఒకటి
తీగ మీదికెల్లి ఇనుము మీదికి దుంకుతున్నది.
దుంకుతున్నది, ఆగుతున్నది, మళ్ల దుంకుతున్నది.
ప్లగ్గుకు చేరాల్సిన నిప్పు
తొవ్వ నడుమనే దిగిపోతున్నది.
పొద్దంత మా ముందటనే ఉన్నది.
ఎండ దాన్ని కమ్మేసింది.

'గిక్కడ్నే!' అని వేలు చూపబోయి తగిలించుకున్న.
మోచెయ్యి దాక ఏదో ఉరికింది.
పెంటయ్య నవ్విండు.
మెడ కదలదు గనుక
భుజాలు నవ్వినయి, స్టూలు నవ్వింది,
స్టూలు కింది చాయ గ్లాసు నవ్వింది.

షెడ్డెనుక తుమ్మ కింద
తుప్పు పట్టిన సర్కారు అంబాసిడర్ ఒకటున్నది.
టార్చి నోట్ల పెట్టుకొని
దాని వైరు ఇప్పుకొచ్చి తగిలించిన.
నాలుగు దెబ్బలూ వరుసగ పడ్డయి.

'రెండు వందలు.'
'గింత పాత వైరుకా?' అన్నడు సుదర్శనం.
'వైరుకు ముప్పై. చీకటికి నూట డెబ్బై.'

కారు మునుగోడు తొవ్వ పట్టింది.
పెంటయ్య మొత్తం మనిషి అటు తిరిగి
మోకాలి మీద దరువేసుకుంట విన్నడు.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
పెట్రోలు బంకు మలుపు కాడ వేళ్లు ఆగినయి.

'రెండోది గూడ మెత్తగ పడుతుంది.
ఎండకాలం దాటదు.'

'చెప్పకపోతివి?'

'ఆయన ఇప్పుడు సంబురంగ పోతుండు. పోనియ్యి.
నీళ్లు తే, చేతులు కడుక్కుంట.'

ఆయన చేతులకు ఏం అంటలేదు.
అయినా పోసిన.
నా వేలు ఇంకా జుమ్మంటనే ఉన్నది.