పన్నెండు డిగ్రీలు

"డ్రైవర్ కొనాల" అంటే
బియ్యం చెరుగుతా ఉన్న లింగమ్మ తలెత్తి చూసింది.
"ముప్పై ఒక్క ఏండ్లు నువ్వే కదా డ్రైవర్వి,
ఇంగ యాడ కొంటావు ఇంకోన్ని?"

కదిరి బస్సు దిగి రెండేండ్లాయె.
సుబేదారు చిన్నోబయ్య రాప్తాడు పక్కన బీట్లో
తొమ్మిది గుంటలు తవ్వి జెండాలు పాతినప్పటి నుంచి
నా ఆదివారాలు నావి కావు.
గోల్ఫంటే పచ్చిక అంటారు గానీ
ఈడ జెండా చుట్టూ ఉండేది ఇసుక.
ఇసుక ఎగరకుండా దాని మీద
కాలిన ఇంజను ఆయిలు.
ఆ వాసనకే అనుకుంటా,
డిపోకి పోయినట్టు పొద్దున్నే పోతా.

ఇన్నాళ్లూ సుబేదారు అరువిచ్చిన కట్టెతోనే.
కొట్టిన ప్రతి బంతీ కుడికి,
ఇంకా కుడికి,
వేరుశెనగ చేన్లోకి.
గొర్రెల కంబగిరి ఏరి తెచ్చిస్తాడు,
బంతికి ఒక బీడీ.

గుత్తి రోడ్డులో మహబూబ్ పీరా అంగడి.
బెంగుళూరులో పద్దెనిమిదేండ్లు
పెద్దోళ్ల కట్టెలకు పిడులు మార్చొచ్చినోడు.
ముందర సైకిళ్లు, ట్యూబులు, పంక్చరు తొట్టి.
వెనక గోడకు డ్రైవర్లు,
అందులో ఒకటి పండు మిరపకాయంత ఎరుపు.
నా చెయ్యి దాని మీదికే పాయె.
"చెయ్యి తియ్యి మామా. ముందు నిన్ను చూడనీ."

దర్జీ టేపు తీసి
మణికట్టు కాడ నుంచి నేల దాకా కొలిచినాడు.
"ఊరికే నిలబడు, బస్సు కోసం నిలబడినట్టు."
బస్సు కోసం నేనెప్పుడు నిలబడినా?
బస్సే నాకోసం నిలబడేది.

అరచేతులు తిప్పి చూసినాడు.
ఎడమచేతి బొటనవేలి కింద కాయ.
"గేరుది" అన్నా.
"దీంతోనే దాని గొంతు పిసుకుతాండావు. వదులు."

అంగడి వెనక
టమాటా నారు మీద కప్పే పచ్చవల.
డ్రైవర్ మొహానికి పౌడరు పూసి కొట్టమన్నాడు.
పది దెబ్బలు.
పసిబిడ్డకు పౌడరు రాసి
దిష్టిచుక్కలు పెట్టినట్టుంది,
చుక్కలన్నీ ఒక చెంపకే.
"చూడు, కట్టె నీకు పొడుగు.
నువ్వు మడమతో కొడతాండావు."

అగ్గిపెట్టె కన్నా ఒక వేలు పెద్దది, ఒక మిషను,
అది నా వేగం చెప్పింది: డెబ్బై ఎనిమిది.
"కిలోమీటర్లా?"
"మైళ్లు."
నా సర్వీసంతా కలిపి
అంత వేగం ఒక్కనాడూ పోలేదు.
అయినా తక్కువేనంట.

గట్టి కామ కావాలన్నా. మెత్తది ఇచ్చినాడు.
సుబేదారుది తొమ్మిది డిగ్రీలు,
నాకూ తొమ్మిదే అన్నా.
"పన్నెండు" అన్నాడు పీరా.
పన్నెండు పిల్లోళ్లది కదా, ముసిలోళ్లది కదా,
నలుగురు చూస్తే ఏమనుకుంటారు?
పీరా బీడీ ఆర్పి అడిగినాడు,
"ఘాటెక్కేటప్పుడు రెండో గేరు ఏస్తివే,
ఎప్పుడన్నా సిగ్గుపడితివా?"

ఎర్రది గోడ మీదనే ఉండిపాయె.
నాకు దక్కింది నెత్తిన సొట్ట ఉన్నది,
ఎవరో వాడి వదిలేసింది, మూడువేల నాలుగు వందలు.
నా వేళ్లు లావని పిడి కింద
ఇంకో రెండు చుట్లు టేపు చుట్టినాడు.
రంపం పెట్టి అంగుళం కోసినాడు.
తెగిన ముక్క జేబులో ఏసుకుంటి,
అంగుళానికీ డబ్బు కట్టినా కదా.
దాన్ని లింగమ్మ
కిటికీ గొళ్లెంలో దూర్చింది, గాలికి కొట్టుకోకుండా.

ఆదివారం.
ఎండ ఇంకా ముదరలేదు.
కొండ మీద గాలిమరలు తిరగాలా వద్దా అన్నట్టున్నాయి.
చెయ్యి వదులు చేసినా.
ఎడమ బొటనవేలు గేరు వెతుక్కుంటా ఉంటే
వద్దని చెప్పినా.

ఠప్ మనలేదు. ఇంకేదో సద్దు,
బాగా కుదిరిన తలుపు మూసుకున్నట్టు.
బంతి లేచింది,
లేస్తానే ఉంది,
నేరుగా.

చేన్లో అలవాటుగా నిలబడిన కంబగిరి
తల పైకెత్తి, అది పోయిన దిక్కు చూసి,
ఇటు తిరిగి అరిచినాడు:
"ఏం మామా, మరి నా బీడీ?"

రెండోది కుడికే పాయె.
కావాలనే కొట్టినానని చెప్పినా.