చుక్క పొడిచాక

సరస్సు ఒడ్డున ఈ విడిది భవనంలో
ఇరవై మూడేళ్ళుగా దుప్పట్లకు ఇస్త్రీ చేస్తున్నాను.
నిన్నటి నుంచి జెండాలకు.

ఎనిమిది. అన్నీ ఒకే కొలత.
రాజధాని నుంచి వచ్చిన కుర్రాడు ఎర్కెబులాన్
టేపు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.
"ఒక్కటి వేలెడు పైకి లేచినా
నా ఉద్యోగం ఊడుతుంది, సైరాకాన్ ఎజె."

నవ్వొచ్చింది.
గోడ మీది పటంలో ఒక దేశం పరుపంత,
ఇంకొకటి ఆ పరుపు మీద రాలిన గుండీ అంత.
బట్టకు ఆ సంగతి తెలియదు.
ఆవిరి తగిలితే ఏ దేశమైనా మెత్తబడుతుంది.
బంగారు అంచు ఉన్నది మాత్రం
కాస్త మొండిగా మడత పడుతుంది.

రాత్రి పదింటికి గొడవ మొదలైంది.
ఏ పేరు ముందు?
అక్షరక్రమం, అన్నాడొకడు.
ఎవరి అక్షరాలు? అన్నాడింకొకడు.
ఒక లిపిలో తల దగ్గర కూర్చున్నవాడు
మరో లిపిలో తలుపు దాకా జారిపోతున్నాడు.
కుర్చీలు ఆరుసార్లు మారాయి.
సమోవారు ఆరోసారి వెలిగిస్తూ వంటాయన ఓస్మోన్‌కుల్
"ఎద్దులూ ఎద్దులూ పొడుచుకుంటే
లేగల కాళ్ళు కదా విరిగేది,
కుర్చీలతో పొడుచుకోనీ, పోయేదేముంది" అన్నాడు.

నేనేమీ అనలేదు.

దక్షిణాన, కొండలు దిగేచోట మా ఊరు.
కాలువకు ఇటు మేము, అటు గుల్‌దాస్తా వాళ్ళు.
మేమిద్దరం ఖుబానీ గింజలు పగలగొట్టుకున్న బండ
ఇప్పుడు ఏ దేశంలో ఉందో చెప్పలేను.
వేగుచుక్క పొడిచేదాకా మాకు నీళ్ళు,
పొడిచాక వాళ్ళకు.
ఎవరు రాశారో తెలియదు, ఎవరూ చెరపలేదు.

ఒక వసంతంలో ఎవరో తూము మీద కెమెరా పెట్టారు.
ఎవరో దాని మీదికి రాయి విసిరారు.
ఆ తర్వాత వచ్చినవి రాళ్ళు కావు.
మా మరిది ట్రాక్టరు ఇప్పటికీ గట్టు మీదే ఉంది,
చక్రాలు లేకుండా.
మరిది లేడు.
గుల్‌దాస్తా ఇంటికి గోడలున్నాయట, కప్పు లేదు.
ఆ రోజు తను ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.
రెండేళ్ళు.

పొద్దున సభ.
టీ ట్రే పట్టుకుని గోడ వారగా నిలబడ్డాను.
భద్రత, సార్వభౌమత్వం, సమానత్వం...
గాజు గదిలో అనువాదం చేసే పిల్ల
ప్రతి మాటకూ ఒకసారి గుటక వేస్తోంది.
నాకు అర్థమైనవి తక్కువ.
ఒకటి మాత్రం గుర్తు పెట్టుకున్నాను:
గుండీ అంత దేశం మంత్రి మాట్లాడినంతసేపూ
పరుపంత దేశం మంత్రి
చెవిలో పెట్టుకున్నది తీసి బల్ల మీద పెట్టలేదు.
వింటున్నాడో లేదో దేవుడికెరుక.
తీయలేదు, అంతే.

మధ్యాహ్నం పడమటి నుంచి ఉలాన్ గాలి లేచింది.
మా సరస్సు గాలికి మర్యాదలు తెలియవు.
మూడు కర్రలు ఒరిగిపోయాయి, రెండు పడ్డాయి.
ఎర్కెబులాన్ కోటు ఎగురుతుంటే పరుగెత్తి
దగ్గరున్నది ముందు ఎత్తాడు.
ఏది ముందని ఎవరూ అడగలేదు.
పక్క దేశం కాపలావాడు రెండోది పట్టుకున్నాడు,
తనది కాదది.
నేను సూదీ దారం తీసుకుని వెళ్ళాను.

సాయంత్రానికి సంతకాలు, ఫోటోలు, కార్లు.
ఖాళీ బల్ల మీద సగం తాగిన గిన్నెలు,
ఎవరో మరిచిపోయిన కళ్ళజోడు.

జెండాలు మడిచి పెట్టెలో సర్దాక
నంబరు నొక్కాను. చేయి వణికింది.
"గుల్‌దాస్తా, సంతకాలు అయ్యాయి."
"నీళ్ళు?"
"కాగితంలో ఉన్నాయంటున్నారు."
"కాగితం తడిగా ఉందా?"
అదే వెటకారం. అదే గొంతు, కాస్త బొంగురుపోయింది.
"మా వంతు ఎప్పుడు మరి?" అంది.

చుక్క పొడిచాక, అన్నాను.
ఎప్పటిలాగే.

అవతల నుంచి మాట లేదు.
ఫోను పెట్టేయలేదు కూడా.
పక్కన ఇస్త్రీ పెట్టె
ఇంకా వేడిగానే ఉంది.