పాత చిల్లులు

ఉప్మాకీ లైకీ ఒకటే గరిటె వాడతానని
మా ఆయనకు పదేళ్లుగా అనుమానం.
వాడను.
లై గిన్నెకు ఒక చెవి విరిగింది, అదే గుర్తు.
మైదా, నీళ్లు, చిటికెడు మైలుతుత్తం,
పురుగు అక్షరాల జోలికి రాకుండా.

వారంలో ఆరు రోజులు మూసాపేట ల్యాబులో
సూదితో నెత్తురు తీస్తాను.
పిడికిలి బిగించండి, అయిపోయింది,
దూది అదిమి పట్టండి.
ఏడో రోజు అవే వేళ్లలో ఇంకో సూది.
కాగితం కెవ్వుమనదు,
బిల్లు ఎక్కువైందని కౌంటర్ దగ్గర గొడవపడదు.

పక్క ఫ్లాటావిడ వంటల నోటు,
రోజమ్మ వాళ్ల అత్తగారి బైబిలు,
వాచ్‌మన్ కొడుకు ఐటీఐ గైడు.
డబ్బులిస్తామని ఎవరూ అనలేదు, అంటే ఏం చేసేదాన్నో తెలీదు.

మొన్న నార దారం అయిపోయింది.
ఫోన్‌లో నొక్కితే ఇంటికే వచ్చేది.
అయినా మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాను,
మూసీ వాసనకు ముక్కు మూసుకోవడం మరిచి
ఛత్తాబజార్ దాకా నడిచాను.
ముప్పై రెండేళ్లయింది.

ప్రతి జూన్‌లో కొత్త పుస్తకాలు చంకన పెట్టుకుని
పరిగెత్తేది ఈ సందులోకే.
మోకాళ్ల మధ్య కట్టె చట్రం,
చెవి మీద బీడీ,
పళ్లతో దారం తెంపే గఫూర్ చాచా.
"జల్దీ నక్కో బేటీ,
దారం తొందరపడితే కాగితం ఏడుస్తది."
ఒక వేసవంతా ఆ గడప మీద కూచుని
రఫ్ నోట్లు కుట్టాను.
కూలి: రోజుకో ఉస్మానియా బిస్కెట్, సగం చాయ్.

ఆ కొట్టు నిండా ఇప్పుడు మొబైల్ కవర్లు.
మెరుపులవి, పారదర్శకమైనవి, కుందేలు చెవులవి.
"ఏం మోడల్ అక్కా?" అన్నాడు కుర్రాడు.
నా ఫోన్ పేరు చెప్పాను.
చాచా పేరు ఎట్లా అడగాలో తోచలేదు.
నూటయాభై ఇచ్చి అట్ట వేయించుకున్నాను.
ఒక లెక్కన అదే కొట్టు, అదే పని.
నవ్వొచ్చింది.
నోటు చిరిగిందేమోనని కుర్రాడు తిప్పి చూశాడు.

రెండు సందుల అవతల
పెళ్లి పత్రికల మిషన్లు ఇంకా దడదడలాడుతున్నాయి.
అచ్చుతప్పు పడ్డవి కిలో నలభై.
చి.ల.సౌ. మృణాళిని పెళ్లి ముహూర్తం
ఉదయం 42 గంటల 10 నిమిషాలకట.
అంత పొడుగు పొద్దు ఉంటే
పాపం, పెళ్లివాళ్లు తీరిగ్గా తిని పోయేవాళ్లు.
రెండు కిలోలు కొన్నాను, లోపలి అట్టలకు.
దారం కొనడం మరిచిపోయి
అఫ్జల్‌గంజ్ నుంచి వెనక్కి వచ్చాను.

రాత్రి, అందరూ పడుకున్నాక
నా ఏడో తరగతి తెలుగు వాచకం తీశాను.
చాచా కట్టిందే. వెన్ను ఊడి చాలా కాలమైంది,
ఊరందరివీ కడతాను గానీ
దీన్ని ముట్టుకోలేదు.

బ్లేడు పెట్టి పాత కుట్టు తెంచాను.
వెన్ను కింద అంటించిన ఉర్దూ పేపరు ముక్క
ఊడకుండా చేతికి వచ్చింది.
ఆయనకు నా అక్షరాలు రావు.
నాకు ఆయనవి రావు.
ఆ ముక్కను మళ్లీ అక్కడే పెట్టాను.

మడతల్లో ఏడు చిల్లులు,
అంగుళం కొలిచినట్టు.
ఆర గుచ్చే పనే లేదు,
మైనం రాసిన దారం దారి వెతుక్కోకుండా
లోపలికీ బయటికీ పోతూ వచ్చింది.

ఏడో చిల్లు దగ్గర సూది ఆగింది.
చాచా ఇక్కడ ముడిని ముందుకు కాక
వెనక్కి వేసేవాడు.
ఎందుకని ఆ వేసవంతా అడగలేదు.

నేనూ వెనక్కే వేశాను.